నాలుగు రంధ్రాలన్నారు, చివరికి పొట్ట కోశారు

ప్రశ్న: డాక్టరు గారూ, మా నాన్నగారికి 63 ఏళ్లు. పదేళ్లుగా షుగరు ఉంది. రెండేళ్ల కిందట స్కానింగులో పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. ఆపరేషన్ చేయించుకోమంటే నాన్న వినలేదు. ఎవరో చెబితే ఆరు నెలలు కొండపిండి ఆకు కషాయం తాగారు. మధ్యలో రెండుసార్లు నొప్పి వచ్చి తగ్గింది. గత నెల బంధువుల పెళ్లికి ముందురోజు మళ్లీ నొప్పి, జ్వరం మొదలయ్యాయి. మాత్రలు వేసుకుంటూ పెళ్లి కానిచ్చి, ఆరో రోజున ఆసుపత్రికి వెళ్లాం. నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి తీసేస్తాం, ఎల్లుండి ఇంటికి పంపిస్తాం అన్నారు. లోపలికి తీసుకెళ్లిన గంటకు సర్జన్ బయటికి వచ్చి, లోపల అంతా అతుక్కుపోయింది, తెరవాల్సి వస్తోంది అని చెప్పి అన్నయ్యతో మరో సంతకం పెట్టించుకున్నారు. కుడి పక్కటెముకల కింద జానెడు కోత, పక్కన గొట్టం, ఆరు రోజులు ఆసుపత్రి. ఇది పన్నెండో రోజు. చూడడానికి వచ్చినవాళ్లందరూ ఆ డాక్టరుకు చేయి తిరగలేదని, హైదరాబాదు తీసుకెళ్లి ఉంటే రంధ్రాలతోనే అయిపోయేదని అంటున్నారు. నాన్న అదే తలచుకుని బాధపడుతున్నారు. నిజంగా డాక్టరు పొరపాటు చేశారా? నాన్నకు ముందు ముందు ఇబ్బందులు ఉంటాయా? అమ్మకు కూడా రాళ్లున్నాయని తేలింది. ఇదంతా చూశాక ఆపరేషన్ మాటెత్తితేనే హడలిపోతోంది. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, తణుకు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే నా దృష్టి కోత మీద కంటే పెళ్లి మీద పడింది. నొప్పి, జ్వరం మొదలైన ఆరో రోజున ఆసుపత్రికి వెళ్లామని రాశారు. లోపల ఏం జరిగి ఉంటుందో సగం ఆ ఒక్క మాటలోనే ఉంది. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. పెళ్లిళ్లకు, నాట్లకు, పిల్లల పరీక్షలకు కడుపునొప్పిని వాయిదా వేయని ఇల్లు నా వృత్తిలో నాకు పెద్దగా తగల్లేదు. మా ఇల్లు కూడా అందుకు మినహాయింపు కాదు.

డాక్టరు పొరపాటు చేశారా అని అడిగారు. మీరు రాసిన దాన్ని బట్టి చూస్తే, తెరవడం పొరపాటు కాదు. తెరవకుండా అలాగే ముందుకు వెళ్లి ఉంటే బహుశా అది పొరపాటయ్యేది. ఆయన తప్పు ఒకటి నాకు కనబడుతోంది కానీ అది థియేటర్ లోపల జరిగింది కాదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

పిత్తాశయం కాలేయం అడుగున అతుక్కుని ఉండే సంచి. చిన్న వంకాయంత ఉంటుంది. కాలేయంలో తయారయ్యే పైత్యరసంలో కొంత దాచిపెట్టి, మనం నెయ్యో నూనో తిన్నప్పుడు పేగులోకి వదులుతుంది. దాని మెడ దగ్గర బయలుదేరిన సన్నని నాళం, కాలేయం నుంచి పేగుకు దిగే పెద్ద పైత్యనాళంలో కలుస్తుంది. ఆపరేషన్‌లో చేసేది చెప్పడానికి రెండు ముక్కలే. ఆ సన్ననాళానికీ, సంచికి రక్తం తెచ్చే ధమనికీ క్లిప్పులు వేసి కత్తిరించాలి. సంచిని కాలేయం నుంచి ఒలిచి, రంధ్రంలోంచి బయటికి లాగాలి. కష్టమంతా సంచి మెడ దగ్గర, బొటనవేలంత చోటులో ఉంది. ఫ్రాన్సు వైద్యుడు కాలో 1891లో వర్ణించిన ముక్కోణం అది. పైత్యనాళం, కాలేయానికి వెళ్లే కుడి ధమని దాన్ని రాసుకునే పోతాయి. అక్కడ సన్ననాళం అనుకుని పెద్దనాళాన్ని కత్తిరిస్తే, కాలేయం నుంచి పేగుకు ఉన్న ఒకే ఒక్క దారి తెగిపోతుంది. దాన్ని సరిచేయాలంటే పేగును పైకి తెచ్చి కాలేయం దగ్గర కుట్టే పెద్ద ఆపరేషన్ కావాలి. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి చలిజ్వరాలు, కామెర్లు వస్తాయేమోనన్న భయం తప్పదు. రంధ్రాల పద్ధతిలో ఈ ప్రమాదం వెయ్యిమందిలో ముగ్గురు నుంచి ఐదుగురికి జరుగుతుందని లెక్క. వెయ్యిలో ముగ్గురే కదా అనిపిస్తుంది. ఆ ముగ్గురిలో ఒకరిని వార్డులో చూసిన సర్జన్‌కు మాత్రం అలా అనిపించదు.

అందుకే అమెరికా సర్జన్ స్ట్రాస్‌బర్గ్ 1995లో ఒక నియమం స్పష్టంగా రాసి పెట్టాడు. దేన్నీ కత్తిరించకముందు మూడు సంగతులు కంటితో చూడాలి. ముక్కోణంలోని కొవ్వు, పొరలు తొలగిపోవాలి. సంచి కింది మూడో వంతు కాలేయం నుంచి విడివడాలి. సంచిలోకి వెళ్లేవి రెండే రెండు, ఒక నాళం, ఒక ధమని, విడివిడిగా కనిపించాలి. ఆ రెండూ అలా కనిపించేదాకా కత్తెర చేతిలోకి తీసుకోకూడదు.

ఇప్పుడు మీ నాన్నగారి పొట్టలోకి వెళదాం. ఆరోగ్యంగా ఉన్న పిత్తాశయం పలుచగా, నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో నిగనిగలాడుతూ ఉంటుంది. పరికరంతో పట్టి పైకెత్తితే మెత్తగా లొంగుతుంది. రాయి మెడలో ఇరుక్కుని వాపు మొదలయ్యాక దాని తీరు రోజురోజుకూ మారుతుంది. బెల్లం పాకం పట్టడం చూసే ఉంటారు. మొదటి రెండు మూడు రోజులు లేతపాకం లాంటివి. పొరల మధ్య నీరు చేరి అన్నీ ఉబ్బి ఉంటాయి, అయినా దేనికది తేలికగానే విడిపోతుంది. వారం దగ్గరపడేసరికి పాకం ముదురుతుంది. పొట్టలోని కొవ్వు తెర వచ్చి సంచిని చుట్టేస్తుంది, పక్కనున్న చిన్నపేగు మొదలు, పెద్దపేగు మలుపు దానికి అంటుకుంటాయి. సంచి గోడ మందంగా, ఎర్రగా, కొన్నిచోట్ల నల్లగా ఉంటుంది. పరికరంతో పట్టుకుందామంటే జారిపోతుంది, గట్టిగా పట్టుకుంటే చిరిగి చీము, రాళ్లు బయటపడతాయి. ఆ రెండు గొట్టాలు ఉండాల్సిన చోట కొబ్బరిపీచు తడిపి ముద్ద చేసినట్లు ఒకే గడ్డ కనిపిస్తుంది. అందులో ఏది నాళమో, ఏది ధమనో, ఏది పేగు గోడో తెలియదు. మీ నాన్నగారికి అంతకుముందే రెండుసార్లు నొప్పి వచ్చి తగ్గింది కదా. తగ్గిన ప్రతిసారీ లోపల ఒక మచ్చ మిగిలే ఉంటుంది. పాత మచ్చల మీద కొత్త వాపు, దానికి తోడు షుగరు.

అలాంటప్పుడు ఎంత అనుభవం ఉంటే మాత్రం ఏం లాభం అనకండి. అనుభవం పనికొస్తుంది. కానీ మీ బంధువులు అనుకునే విధంగా కాదు. పైత్యనాళం తెగిన 252 కేసులను అమెరికాలో సర్జన్లు విడదీసి చూసి 2003లో ఒక విశ్లేషణ ప్రచురించారు. నూటికి 97 కేసుల్లో అసలు కారణం చూపు మోసపోవడమేనని తేలింది, చేతి నైపుణ్యం లేకపోవడం కాదు. పెద్దనాళాన్ని చూసి సన్ననాళం అని నమ్మేశారు. నమ్మాక చేయి దాని పని అది చక్కగానే చేసింది. మా వృత్తిలో "చేయి తిరిగింది" అనే మాట ఎక్కువ వాడతారు, "ఇక్కడ నాకు కనిపించడం లేదు" అని ఒప్పుకోగలగడం అంతకంటే అరుదైన విద్య. మీ సర్జన్ బయటికి వచ్చి మీతో చెప్పింది ఆ మాటే.

నా కథ ఒకటి చెబుతాను. 1990ల మధ్యలో, రంధ్రాల పద్ధతి నేర్చుకుని నాలుగేళ్లయిన ఉత్సాహంలో ఉన్నప్పుడు, ఇలాంటి పొట్టే ఒకటి చేతికి వచ్చింది. గంటన్నర గడిచినా ముక్కోణం తేలలేదు. తెరుద్దామా అని మత్తు డాక్టరు రెండుసార్లు అడిగాడు. ఇంకో ఐదు నిమిషాలు అన్నాను. ఆ ఐదు నిమిషాల్లోనే ధమని తెగింది. నెత్తురు చిమ్మి కెమెరా అద్దం మీద పడింది, తెర అంతా ఎర్రబడింది. ఇక హడావిడిగా తెరవక తప్పలేదు. రోగి బతికి బట్టకట్టాడు కానీ రెండు సీసాల రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ఐదు నిమిషాల ముందు తెరిచి ఉంటే ఆ రక్తం అక్కర్లేదు. బయట ఉన్న ఆయన భార్య నాకు దండం పెట్టింది. ఆ దండానికి నేను ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను.

కాబట్టి తెరవడాల్లో రెండు రకాలుంటాయని గుర్తుపెట్టుకోండి. ఏమీ చెడకముందే ఆలోచించి తెరవడం ఒకటి. ఏదో తెగాక, చిరిగాక తప్పనిసరై తెరవడం ఇంకొకటి. మీ బంధువులు ఆ రెంటినీ ఒకే గాటన కడుతున్నారు. మీ నాన్నగారిది మొదటి రకమేనని నాకు అనిపిస్తోంది. సర్జన్ తీరిగ్గా బయటికి వచ్చి, కారణం చెప్పి, సంతకం అడిగే వ్యవధి ఉందంటే లోపల నెత్తురు చిమ్ముతూ ఉండి ఉండదు. అయితే నా ఊహతో సరిపెట్టుకోకండి. ఆపరేషన్ నోట్సు నకలు అడిగి తీసుకోండి. అది మీ హక్కు. 2002 నాటి వైద్యవృత్తి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. అందులో తెరవడానికి కారణం ఏమని రాశారో, పైత్యనాళం గుర్తించినట్లు రాశారో లేదో, సంచి మొత్తం తీశారా, కొంత వదిలేశారా చూడండి. కొంత వదిలేశారని ఉంటే కంగారు పడకండి. మెడ దగ్గర బొత్తిగా విడదీయలేని స్థితిలో సంచిని తెరిచి, రాళ్లన్నీ తీసేసి, ప్రమాదకరమైన చోటులో కాస్త గోడను అలాగే ఉంచేయడం తెలివైన పద్ధతే. అలా చేసినప్పుడు గొట్టంలో కొన్నాళ్లు పైత్యరసం రావచ్చు, ఎప్పుడో అరుదుగా ఆ మిగిలిన ముక్కలో మళ్లీ రాయి పుట్టవచ్చు. అందుకే ఆ విషయం మీకు తెలిసి ఉండాలి.

అతుకులు కాక ఇతర కారణాలతోనూ తెరుస్తారు. పాత ఆపరేషన్ల వల్ల పరికరాలు పెట్టే దారే లేకపోవడం, పేగుకు గాయం అయిందన్న అనుమానం, సంచి గోడలో క్యాన్సర్ లక్షణాలు కనిపించడం, పొట్ట ఉబ్బించడానికి నింపే కార్బన్ డయాక్సైడును గుండె, ఊపిరితిత్తులు తట్టుకోలేకపోవడం. ఒక్కోసారి పరికరం మొరాయించినా అంతే.

హైదరాబాదు తీసుకెళ్లి ఉంటే? ఒక్కోసారి రంధ్రాలతోనే అయ్యేదేమో, నేను కాదనను. ఇలాంటి పొట్టలు రోజూ చూసే చోట ఇందాక చెప్పినట్లు కొంత సంచిని వదిలేసే పని కెమెరాతోనే చేస్తారు. ఈ మధ్య ఆ పద్ధతి వైపే మొగ్గు పెరిగింది కూడా. దానికో కారణం చెబితే మీకు నవ్వొస్తుంది. ఈ తరం సర్జన్లు తెరిచి చేసే పిత్తాశయ ఆపరేషన్లు శిక్షణలో చూసిందే తక్కువ. మా రోజుల్లో రోజూ చేసే పని వాళ్లకు అరుదైన విద్య. పైగా తెరిచినంత మాత్రాన అతుకులు వాటంతట అవి విడిపోవు. తెరిస్తే దక్కేది వేలి స్పర్శ. నాళంలో రాయి ఉందేమో తడిమి చూడవచ్చు, పొరల మధ్య వేలు పోనిచ్చి మెల్లగా విడదీయవచ్చు, రక్తం చిమ్మితే నొక్కి పట్టుకోవచ్చు. ఏ పద్ధతి ఎంచుకోవాలన్నది ఆ సర్జన్‌కు ఏది బాగా వచ్చో దాన్ని బట్టి కూడా ఉంటుంది. అతనికి తెలిసిన సురక్షితమైన దారిలో అతను వెళ్లడమే మీ నాన్నగారికి మంచిది. నొప్పి లేని రోజుల్లో తేదీ పెట్టుకుని చేయించుకునే వాళ్లలోనే నూటికి సుమారు ఐదుగురికి తెరవాల్సి వస్తుంది. వాపు ముదిరి వచ్చిన వాళ్లలో ఆ అంకె చాలా పెరుగుతుంది, అదీ పెద్ద ఆసుపత్రుల లెక్కల్లోనే.

ఇక ఆ డాక్టరు తప్పు. మగవాళ్లలో, అరవై దాటిన వాళ్లలో, షుగరు ఉన్నవాళ్లలో, పలుమార్లు నొప్పి వచ్చి స్కానింగులో గోడ మందంగా కనిపించిన వాళ్లలో తెరవాల్సి వచ్చే అవకాశం ఎక్కువని ఎప్పటినుంచో తెలుసు. మీ నాన్నగారికి దాదాపు అన్నీ ఉన్నాయి. అలాంటి మనిషికి "నాలుగు రంధ్రాలు, ఎల్లుండి ఇంటికి" అని చెప్పి ఉండకూడదు. "రంధ్రాలతో మొదలుపెడతాను, కుదరకపోతే తెరుస్తాను, మీ విషయంలో ఆ అవకాశం ఎక్కువ" అని ముందే చెప్పి ఉంటే ఇవాళ మీ నాన్నగారికి ఈ దిగులు ఉండేది కాదు. ఆయన సంతకం చేసిన మొదటి కాగితం కూడా తీసి చూడండి. అవసరమైతే తెరుస్తాం అన్న వాక్యం చాలావరకు అందులో అచ్చు వేసే ఉంటుంది. స్పృహలో ఉన్నప్పుడు రోగే స్వయంగా ఒప్పుకున్నదే లెక్కలోకి వస్తుంది, మత్తులో ఉండగా బంధువు పెట్టిన సంతకం దానికి బదులు కాదు. ప్రాణాపాయం లేకపోయినా, మత్తులో ఉన్న రోగి నుంచి ఆమె ఒప్పుకోని అవయవాలను తల్లి అనుమతితో తొలగించిన కేసులో సుప్రీంకోర్టు 2008లో ఇదే చెప్పింది. మీ నాన్నగారి సంగతి వేరు. ఏ సంచి తీయడానికి ఒప్పుకున్నారో దాన్నే తీశారు, దారి మాత్రం మారింది.

మనవాళ్ల నోళ్ల సంగతి కూడా ఒక మాట. పిత్తాశయాన్ని మొదటిసారి తీసింది 1882లో, బెర్లిన్‌లో, లాంగెన్‌బుక్ అనే సర్జన్. తర్వాత వందేళ్లు అందరికీ పొట్ట కోసే తీశారు. 1985లో జర్మనీలోనే ఎరిక్ మ్యూహె రంధ్రాల్లోంచి తీసి చూపిస్తే తోటి సర్జన్లు ఆయన్ని ఎగతాళి చేశారు. ఐదేళ్లు తిరక్కుండానే 1990లో ముంబయిలో ఉద్వాడియా అనే సర్జన్ ఆ పద్ధతిని మన దేశంలో మొదలుపెట్టారు. అప్పుడు రంధ్రాలు పెట్టినవాడు తెలియనివాడు, ఇప్పుడు పొట్ట కోసినవాడు తెలియనివాడు.

మీ నాన్నగారి విషయానికి వస్తే, పిత్తాశయం లేకపోవడం వల్ల పెద్ద నష్టం లేదు. పైత్యరసాన్ని తయారు చేసేది కాలేయం, అది తన పని తాను చేస్తూనే ఉంటుంది. కొంతమందికి కొన్ని వారాలు నూనె వంటకాలు తింటే విరేచనాలవుతాయి, మెల్లగా సర్దుకుంటుంది. కోత పెద్దది కనుక కోలుకోవడానికి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా బిందెలు, బియ్యం బస్తాలు ఎత్తనివ్వకండి. షుగరు ఉన్నవాళ్లకు కోత చోట హెర్నియా వచ్చే భయం ఎక్కువ. దగ్గు వచ్చినప్పుడు కోత మీద దిండు అదిమి పట్టుకోమనండి. ఆసుపత్రిలో ఇచ్చిన మూడు బంతుల పరికరం మూల పడేసి ఉంటారు, తీసి రోజుకు నాలుగైదుసార్లు వాడించండి. దాన్ని ఊదించకండి, గాలి లోపలికి పీల్పించండి. మంచం దిగి నడవాలి.

పథ్యం పేరుతో ఆయన్ని మాడ్చకండి. పప్పు తింటే చీము పడుతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. చీము పట్టించేది అదుపు తప్పిన షుగరు. పప్పు, గుడ్డు, పెరుగు తినకపోతే కోత మానదు. జ్వరం రావడం, కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు పసుపు రంగుకు తిరగడం, పొట్ట ఉబ్బి నొప్పి పెరగడం, కోత ఎర్రబడి చెమ్మ కారడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు సర్జన్‌ను కలవండి. ఇంకొకటి చాలామంది మరచిపోతారు. తీసిన పిత్తాశయాన్ని పరీక్షకు పంపిన రిపోర్టు పది పదిహేను రోజులకు వస్తుంది. డిశ్చార్జి అయ్యాక దానికోసం ఎవరూ వెళ్లరు. మీరు వెళ్లి తెచ్చుకుని డాక్టరుకు చూపించండి.

కొండపిండి ఆకు సంగతి అడగకపోయినా చెప్పక తప్పదు. పల్లెల్లో దాన్ని మూత్రపిండాల్లో రాళ్లకు వాడతారు. అవి వేరే రాళ్లు, వేరే చోటు, వేరే గొట్టం. కషాయం తాగినన్నాళ్లు పిత్తాశయంలో రాళ్లు హాయిగా కూర్చునే ఉన్నాయి.

అమ్మగారి గురించి రాశారు కానీ అసలు ముక్క రాయలేదు. ఆమెకు నొప్పి వస్తోందా? వేరే పని మీద స్కానింగు చేయిస్తే రాళ్లు బయటపడి, ఏ బాధా లేకపోతే, మామూలుగా ఆపరేషన్ అక్కర్లేదు. అలాంటి వాళ్లలో ఎక్కువమంది ఆ రాళ్లతోనే నిక్షేపంగా బతికేస్తారు. గోడ గట్టిపడి సున్నం పేరుకోవడం, కణితి లాంటిది కనిపించడం, రాయి మరీ పెద్దది కావడం వంటివి ఉంటే లెక్క వేరు, అది రిపోర్టు చూసి సర్జన్ చెబుతాడు. అలా కాక భోజనం చేశాక పై పొట్టలో కుడివైపు నొప్పి వచ్చి, వీపులోకో కుడి భుజంలోకో పాకుతోందంటే ఇక వాయిదా వేయకండి. జ్వరం, వాపు లేని ఈ రోజుల్లోనే తేదీ పెట్టించుకోండి. లేతపాకం దాకా కూడా రానివ్వకూడదు. అప్పుడు నాలుగు రంధ్రాలతో అయిపోయే అవకాశమే చాలా ఎక్కువ.

సర్జన్ దగ్గరికి అమ్మగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. "మీకు ఇలాంటివి నెలకు ఎన్ని వస్తాయి, వాటిలో ఎన్ని తెరవాల్సి వచ్చింది, మాకు తెరవాల్సి వస్తే ఏం చేస్తారు?" అని ఆమె ఎదుటే అడగండి. చిరాకుపడకుండా, అంకెలు దాచకుండా చెప్పే డాక్టరు దొరికితే అక్కడే చేయించండి. మీ నాన్నగారికి చేసిన ఆయనే అలా చెప్పినా నాకేమీ ఆశ్చర్యం లేదు.